మూడు గంపల ఆదివారం

మా అమ్మ బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, కడగబోయే ముందు కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగేది. తర్వాత ఒక పిడికెడు తీసి పొయ్యి పక్క గూట్లో ఉన్న రేకు డబ్బాలో వేసేది. పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా చర్చికి వచ్చే ప్రతి ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటి ఉండేది. చిలకలగూడ సందుల్లో కూలీనాలీ చేసుకునేవాళ్ల ఇళ్లలో డబ్బాకి బదులు మట్టి ముంత ఉండేది. ఇంట్లో మనుషులు పస్తున్న రోజు కూడా ముంత పస్తుండకూడదనేవాళ్లు. అది దేవుడి భాగం.

శనివారం మధ్యాహ్నం మా స్త్రీల సమాజం తరఫున ఒకామె గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఇంటావిడ డబ్బా అందిస్తే ఆమె మొహం పక్కకి తిప్పుకుని సంచిలోకి వంచుకునేది. చూడకూడదు, అది కట్టుబాటు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎలాంటివి ఇచ్చారో ఎవరికీ తెలియకూడదు. సంచిలో పడ్డాక అన్నీ కలిసిపోయేవి. బెజవాడ వైపు నుంచి గార్డుల చేత తెప్పించుకున్న సన్నబియ్యం, రైల్వే గ్రెయిన్ షాపులో ఇచ్చే ముక్కిన బియ్యం, కూలివాళ్ల దొడ్డుబియ్యం, నూకలు. కలిశాక అవి ఎవరివీ కావు.

ఆ బియ్యం మేం ఊరికే పంచిపెట్టలేదు. చిలకలగూడలో స్టేషన్‌కి దగ్గరగా సమాజానికి ఒక పెంకుటిల్లు ఉండేది. దిక్కులేని ఆడవాళ్లు అయిదుగురు అందులో ఉండేవారు. ముందు గదిలో వంట చేసి, గూడ్స్ షెడ్డు హమాలీలకి పళ్లెం ఇంతని చవగ్గా భోజనం అమ్మేవాళ్లు. బియ్యం ఖర్చు లేదు కాబట్టి బజారు హోటళ్ల ధరలో సగానికే పెట్టగలిగేవాళ్లం. వచ్చిన డబ్బుతో కట్టెలు, పప్పు, ఉప్పు, ఇంటి మరమ్మతులు, ఆ అయిదుగురి తిండీ బట్టా గడిచిపోయేవి. లాభం మిగలకూడదు, నష్టం రాకూడదు అనేవారు మా పాస్టరయ్యగారు. ధర్మం చేస్తున్నాం అనే మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఆడవాళ్లు వండుతున్నారు, హమాలీలు కొనుక్కుంటున్నారు, ఎవరూ ఎవరి ముందూ చెయ్యి చాచడం లేదు అనేవారు. ఇంత మంచి ఏర్పాటుని పాడుచేయాలంటే బాగా చదువుకున్న మనిషి కావాలి. ఆ మనిషిని నేనే.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మిషన్ బడిలో టీచర్ని. ఇంగ్లీషులో ఉత్తరాలు రాయగలనని నన్ను సమాజానికి కార్యదర్శిని చేశారు. నాకు నోటికి తాళం లేదు, కోపానికి కళ్లెం లేదు. ఎక్కడ ఏది వంకరగా కనిపించినా సరిచేసేదాకా నిద్రపట్టేది కాదు. నలుగురూ దాన్ని చురుకుదనం అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో వండేదీ, శనివారాలు సంచి పట్టుకుని తిరిగేదీ ఒక్కామే. మేమంతా వంటక్కా అనేవాళ్లం. నలభై దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ కొంగు నడుముకి బిగించి ఉండేది. ఆమెది ఎక్కడో నల్లగొండ వైపు పల్లె. మొగుడు పోయాక దొరగారి గడిలో వెట్టికి పెట్టారు. గడి అంటే ఆ ఊరి దొర కోటలాంటి ఇల్లు. కూలి లేదు, వేళ లేదు, కాదనే హక్కు లేదు. వడ్లు దంచడం, వండటం, కొట్టం ఊడ్చడం. ఒక రాత్రి పారిపోయి నడుచుకుంటూ వచ్చి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగిందట. మూడు రోజులు ప్లాట్‌ఫారం మీదే ఉంటే హమాలీలు సమాజం ఇంటికి తీసుకొచ్చారు. పొయ్యి వెనకాల ఒక చిన్న గది ఇచ్చాం. తలుపుకి లోపల గొళ్లెం ఉన్న గదిలో పడుకోవడం ఆమెకి అదే మొదటిసారి అని చాలా రోజులకి చెప్పింది. మొదట్లో రాత్రి రెండు మూడుసార్లు లేచి ఆ గొళ్లెం తడిమి చూసుకునేదాన్నని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

కలిసిన బియ్యం వండటం ఎంత కష్టమో వండినవాళ్లకి తెలుస్తుంది. సన్నవి ఉడికేసరికి దొడ్డువి పలుకుగా ఉంటాయి, దొడ్డువి ఉడికేదాకా ఆగితే సన్నవి గంజిలో కరిగిపోతాయి. పాతవి నీళ్లు ఎక్కువ తాగుతాయి, కొత్తవి ముద్దకడతాయి. వంటక్క చేట పట్టుకుని నాలుగుసార్లు ఎగరేసేసరికి దేని దారిన అది విడిపోయేది. ముందు దొడ్డువి ఎసట్లో వేసేది, అవి ఒక పొంగు వచ్చాక సన్నవి, దించే ముందు నూకలు. అన్నం మల్లెమొగ్గల్లా విడివిడిగా వచ్చేది. హమాలీలు ఎండలో వరసకట్టి నిలబడేవారు. మిగతా నలుగురిలో ఎవరు ప్రయత్నించినా ఆ అన్నం రాలేదు. మా అమ్మ కూడా ఒకసారి పట్టుదలకి పోయి ప్రయత్నించి, చివరికి ఆ ముద్దని ఆవుకి పెట్టింది.

ఆ ఏడు ఇండియన్ యూనియన్ ప్రభుత్వం వాళ్లు నిజాం సంస్థానానికి సరుకులు రాకుండా కట్టడి చేశారు. ఉప్పు దొరకదు, కిరసనాయిలు దొరకదు, మందులు అసలే లేవు. బజార్లో బియ్యం ధర ఆకాశానికెక్కింది. పల్లెల్లో గొడవలకి భయపడి జనం మూటలతో స్టేషన్‌లో దిగేవారు. వెంటనే ఆ ప్రభావం మా సంచి మీద కనిపించింది. నిండుగా వచ్చే సంచి సగానికి వచ్చింది. వచ్చిన సగంలో మట్టిపెళ్లలు, రాళ్లు, పురుగులు. ఒకరోజు ఒక ముసలి హమాలీ పళ్లెం తెచ్చి నా ముందు పెట్టాడు. అన్నంలో తెల్లపురుగు. "పైసలిచ్చి తింటున్నం టీచరమ్మా, ముష్టికి రాలే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం తిన్నగా వంటక్క మీదికి పోయింది.

ఆమె పొయ్యి ముందు కూర్చుని చెరుగుతోంది. పురుగుల బియ్యం ఎవరింటినుంచి వస్తున్నాయని అడిగాను.

"నాకేమెరుక టీచరమ్మా. నేను చూడను కద" అంది.

"చూడకపోతేనేం? చేటలో పడగానే ఏ పొలంలో పండిందో చెప్తావు. నీకు తెలియదంటే నేను నమ్మాలా?"

తలెత్తలేదు. "డబ్బ వంచితే సప్పుడు వినవడ్తది. సన్నయి జలజలమంటయ్. నూకలు దబ్బున పడ్తయ్. పురుగువట్టినయైతే సప్పుడే రాదు, పిండి లెక్క జారుతయ్. చెవులు మూసుకోమన్లే కద మీ కట్టుబాటుల, అందుకే ఎరుక. గని చెప్పొద్దమ్మా. ఇచ్చినోళ్ల ఇజ్జత్ అది."

"మరి ఇది తిన్నవాళ్ల ఇజ్జత్?"

ఆమె చెరగడం ఆపలేదు. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలో పుండులా ఉంది. "నువ్వు చెప్పకపోతే మంచివి నువ్వే తీసేసుకుని పుచ్చువి వండుతున్నావని కమిటీ అనుకుంటుంది" అన్నాను. ఎవరూ అలా అనుకోలేదు. ఆమెని బెదిరించడానికి నేను అప్పటికప్పుడు పుట్టించిన మాట అది.

చేట కింద పెట్టేసింది. చాలా మెల్లగా, చర్చిలో సంఘపెద్దగారి ఇల్లు చెప్పింది. ఆయన రైల్వే ఆఫీసులో మా నాన్నగారి పైఅధికారి. వాళ్లింట్లో సన్నబియ్యం తప్ప తినరు. గ్రెయిన్ షాపులో రేషన్‌గా వచ్చే ముక్కిన బియ్యాన్ని కోళ్లకి వేసి, మిగిలింది దేవుడి డబ్బాలో వేస్తున్నారన్నమాట. "మీరడిగిండ్లని చెప్పిన. ఇగ ఎవరికి చెప్పకుండ్రి, మీ కాల్మొక్త" అంది. చెప్పనని మాటిచ్చాను.

మాటయితే ఇచ్చాను గానీ ఊరుకోలేకపోయాను. పేర్లు చెప్పకుండా అందరి చేతా మంచి బియ్యమే ఇప్పించే ఉపాయం ఒకటి నా బుర్రలో మెరిసింది. ఇకనుంచి ఇంటింటికీ వెళ్లి పోగుచేయడం ఉండదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరి బియ్యం వాళ్లే తెచ్చి అందరి ముందూ గంపలో పోయాలి. మూడు గంపలు పెడదాం, సన్నవి ఒకదాంట్లో, దొడ్డువి ఒకదాంట్లో, నూకలు ఒకదాంట్లో. సన్నవి కావలసినవాళ్లకి మంచి ధరకి అమ్మి, ఆ డబ్బుతో రెండింతలు దొడ్డువి కొనొచ్చు. చూసే కళ్లున్నప్పుడు పురుగుల బియ్యం తెచ్చే ధైర్యం ఎవరికి ఉంటుంది? కాగితం మీద రాసి కమిటీలో చదివాను. అందరూ తలలూపారు.

పాస్టరయ్యగారు ఒక్కరే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మాయ్, ఇన్నాళ్లూ చూడకుండా తీసుకున్నాం. ఇప్పుడు చూసి తీసుకుంటే అది ఇంకోటవుతుందేమో" అన్నారు. కాలం మారుతోందండీ, మనమూ మారాలి అన్నాను. నా ఇరవై రెండేళ్ల నోటికి ఆయన అరవై ఏళ్ల అనుమానం నిలబడలేదు.

మొదటి ఆదివారం మూడు గంపలూ బలిపీఠం కింద వరసగా పెట్టించాను. సంఘపెద్దగారి భార్యని అందరూ పెద్దమ్మగారు అనేవారు. ముందు ఆవిడ లేచింది. తళతళలాడే ఇత్తడి గిన్నె నిండా సన్నబియ్యం తెచ్చి మొదటి గంపలో పోసింది. ఆవిడ వెనక క్వార్టర్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మా అమ్మ కూడా ఆ రోజు మేం తినే బియ్యం కాకుండా, పండక్కని దాచిన సన్నబియ్యం తెచ్చింది. నేను చూడనట్టు నటించాను.

చిలకలగూడ ఆడవాళ్లు వెనక చాపల మీద కూర్చుని ఉన్నారు. కొంగుల కింద ముంతలున్నాయి. ఎవరూ లేవలేదు. "రండి, సిగ్గెందుకు?" అని నేనే పిలిచాను. బడిలో పిల్లల్ని పిలిచే గొంతుతో పిలిచాను. ఒక ముసలామె లేచింది. మొదటి గంప దాటింది, రెండోది దాటింది, మూడోదాని ముందు నిలబడి ముంత వంచింది. రెండు గుప్పెళ్ల నూకలు. అంత పెద్ద గంప అడుగున అవి కనిపించను కూడా లేదు. ముందు బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలామె ముంతని బోర్లించి పట్టుకుని, తిరిగి చాప మీదికి కాకుండా పక్కతలుపులోంచి బయటికి వెళ్లిపోయింది. మిగతావాళ్లు ముంతలతో అలాగే ఇళ్లకి వెళ్లారు.

తర్వాతి ఆదివారం వాళ్లు ముంతలు తేలేదు. ఆ పైవారం చాలామంది రాలేదు. పోనీ సన్నబియ్యం గంపయినా నిండిందా అంటే అదీ లేదు. అందరూ కళ్లప్పగించి చూసిన మొదటి రోజు పోసినంత రెండో వారం పోయలేదు, మూడోవారం అందులో సగం. సంచిలో సగానికి పైగా వచ్చేది చిలకలగూడ ముంతల నుంచేనని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకపోవడమే దాని బలం. నేను దాన్ని మూడు ముక్కలు చేసి నడిబజార్లో పెట్టాను. హమాలీలకి పూటకి ముప్పై పళ్లేల అన్నం వండేచోట పదికి దిగింది. వంటక్క నన్ను ఒక్క మాట అడగలేదు. పొద్దున్నే మూడు సంచులూ విప్పి, చెరగాల్సిన పని లేక, ఊరికే చూస్తూ కూర్చునేది.

నాలుగో ఆదివారం చర్చి మెట్ల మీద పెద్దమ్మగారు నన్ను ఆపి మెచ్చుకుంది. "మంచి పని చేశావమ్మా. ఆ కూలివాళ్ల నూకలూ పురుగులూ కలిసి మన బియ్యం కూడా పాడయ్యేవి. ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉన్నాయో" అంది.

నాకు ఒళ్లు మండింది. మాటిచ్చిన సంగతి గుర్తుంది. గుర్తుండే అన్నాను. "పురుగులు చిలకలగూడ నుంచి రాలేదండీ. మీ ఇంటి డబ్బాలోంచి వచ్చాయి."

ఆవిడ మొహంలో రక్తం లేదు. "ఎవరు చెప్పారు నీకు?" అంది.

నేను మెట్లు దిగిపోయాను. చెప్పాల్సిన అవసరమూ లేదు. డబ్బా అందుకునే చెయ్యి ఒక్కటే కదా.

ఆ వారమే సైన్యం కదిలిందని కబురొచ్చింది. అయిదు రోజులు సికింద్రాబాద్ తలుపులు వేసుకుని కూర్చుంది. రైళ్లు ఆగిపోయాయి, హమాలీలు ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు. విమానం చప్పుడు వినిపిస్తే అమ్మ పొయ్యిమీద గిన్నె దించేసి ప్రార్థన మొదలుపెట్టేది. చిలకలగూడ ఇంట్లో ఆ అయిదుగురూ ఏం తిన్నారో నేను కనుక్కోలేదు. బయటికి రాకూడదన్నారు కాబట్టి వెళ్లలేదని చెప్పుకోవచ్చు. నిజం ఏంటంటే వంటక్క మొహం చూడలేక వెళ్లలేదు.

ఆ పైన సైన్యం ఊళ్లోకి వచ్చింది. రోడ్లకి రెండువైపులా జనం, పూలదండలు, కేకలు. పోలీస్ యాక్షన్ అయిపోయింది, అంతా బాగుపడుతుందన్నారు. సంతోషించినవాళ్లు నిజంగానే సంతోషించారు. పాతబస్తీ వైపు తలుపులు తెరవడానికి భయపడ్డవాళ్లూ ఉన్నారు. నేను ధైర్యం తెచ్చుకుని చిలకలగూడ వెళ్లాను. వంటక్క గడప మీద కూర్చుని ఉంది. "ఇగ దొరల జులుం పోయినట్టేనా టీచరమ్మా?" అని అడిగింది. పోయినట్టే, ఇక అందరికీ మంచి రోజులే అన్నాను. పుస్తకాలు చదివిన మనిషిని కదా, అన్నీ తెలిసినట్టే చెప్పాను.

రెండ్రోజులకే స్టేషన్ దగ్గర ఆమె తన దొరని చూసింది. ఊళ్లో గొడవలకి భయపడి ఏడాదిగా పట్నంలో దాక్కున్నవాడు, తలమీద కాంగ్రెసువాళ్ల తెల్లటోపీ పెట్టుకుని, సామాన్లు లారీకెక్కించుకుని ఊరికి తిరిగి వెళ్తున్నాడు. వెనక పోలీసుల బండి. అతను ఆమెని గుర్తుపట్టలేదట. ఆ మాట ఆమే నాతో చెప్పింది. "పోయిండు అన్నరు గద అమ్మా?" అంది. 

చర్చిలో కృతజ్ఞతారాధన పెట్టిన ఆదివారం, అది అయ్యాక కమిటీ కూర్చుంది. సంఘపెద్దగారు లేచి, సమాజం ఇంట్లో వండే మనిషి మంచిబియ్యం మాయం చేసి, అడిగితే పెద్దింటివాళ్ల మీద నింద వేస్తోందని చెప్పారు. కొన్నివారాల కింద వంటక్కని బెదిరించడానికి నేను పుట్టించిన అబద్ధమే, అక్షరం పొల్లుపోకుండా, ఆయన నోట్లోంచి వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, అలాంటి అబద్ధాలకి దారి వాటికే తెలుసు.

వంటక్కని పిలిపించారు. గుమ్మం దగ్గరే నిలబడింది. పాస్టరయ్యగారు మెత్తగా అడిగారు, "ఫలానా ఇంటి బియ్యం అని నువ్వు చెప్పావా అమ్మా?"

"నేను చూడలే అయ్యా" అంది.

"చూడకుండా ఎట్లా చెప్పావు?"

నావైపు ఒక్కసారి చూసింది. నిష్ఠూరంగా చూడలేదు. నువ్వు చెప్తావు కదా అన్నట్టు చూసింది. బండి దిగేటప్పుడు పక్కవాళ్ల చెయ్యి అందుకోవడానికి చూస్తామే, అలా. రెండో బెంచీలో మా నాన్నగారు తలవంచుకుని కూర్చున్నారు. సంఘపెద్దగారి ఒక్క మాటతో ఆయన ఉద్యోగం ఎక్కడికైనా బదిలీ కావచ్చు. చెల్లెలి చదువు, అమ్మ ఆయాసం, అన్నీ ఒక్క క్షణంలో నా కళ్లముందు తిరిగాయి. ఇవన్నీ ఇప్పుడు చెప్తున్న సాకులు. అప్పుడు జరిగింది ఒక్కటే, నేను నోరు తెరవలేదు. ఏళ్లతరబడి తాళం లేదని గర్వపడ్డ నోరు అది.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ గదిలో ఉన్న పదిమందీ తలా కాస్త మౌనం వేశారు. వారంలోగా ఇల్లు ఖాళీ చేయాలని, రైలు ఖర్చు సమాజమే ఇవ్వాలని తీర్మానించారు. తీర్మానం రాసింది కార్యదర్శి. నా చేతిరాత చాలా బాగుంటుందని అందరూ అనేవారు.

అప్పుడు ఒక్కసారే నోరువిప్పింది. "బువ్వ సుత వద్దయ్యా. కూలికి పోయి తింట. గా పొయ్యెనక గదిల ఒక మూలకు పండుకోనియ్యుండ్రి. ఊరికి పోతే మల్ల గడిల వెడ్తరు" అంది.

"ఆ గది ఇంకొకళ్లకి కావాలి" అంది పెద్దమ్మగారు.

ఆమె వెళ్లే ముందురోజు నేను వెళ్లాను. మూట కట్టుకుని కూర్చుంది. ఇంకెక్కడైనా పని ఇప్పిస్తారా అని అడిగింది. చూస్తానన్నాను. సైన్యంవాళ్ల బంగళాల్లో వంటమనుషులు కావాలని మా బడిలోనే ఎవరో అన్నారు. కనుక్కోవచ్చు. ఒక్క ఉత్తరం ముక్క రాస్తే చాలు. సంఘపెద్దగారికి తెలిస్తే ఏమంటారోనని రాయలేదు. తెల్లారి రైలు వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిపోయాక మిగతా నలుగురు వండారు. సగం పలుకు, సగం గంజి. హమాలీలు వారం రోజులు మొహమాటానికి తిని, స్టేషన్ ఎదురుగా కొత్తగా పెట్టిన హోటలుకి మారిపోయారు. ముంతలు మళ్లీ రాలేదు. పాస్టరయ్యగారు గంపలు తీయించి పాత సంచినే పట్టుకుని తిరగమన్నారు. తిరిగాం. డబ్బాలు అందాయి గానీ వాటిలో చప్పుడు లేదు. ఇచ్చేవాళ్లు మా కళ్లలోకి చూసేవారు, మేం చూస్తున్నామా లేదా అని. ఒకసారి పోయిన నమ్మకం పట్టపగలు దీపం పెట్టి వెతికినా దొరకదు. క్రిస్మస్‌కి ముందే వంట ఆపేశాం. ఆ నలుగురిలో ఇద్దరు ఆస్పత్రిలో ఆయాలుగా కుదిరారు, ఒకామె చుట్టాలింటికి పోయింది, ఒకామె ఎటు పోయిందో తెలియదు. ఇంటికి తాళం పెట్టాం. ఏం చేయాలా అని కమిటీ ప్రతినెలా చర్చించేది.

తర్వాతి వేసవి సెలవుల్లో పాస్టరమ్మగారితో కలిసి నల్లగొండ వైపు పల్లెలకి వెళ్లాను. వంటక్క ఊరు దారిలోనే ఉందని తెలిసి బండి ఆపించాను. గడి ముందు, కమ్యూనిస్టుల కోసం వేసిన పోలీసు క్యాంపు గుడారాలు. ఊరంతా నోరు నొక్కేసినట్టుంది. వెనకవైపు దొడ్లో నలుగురు ఆడవాళ్లు క్యాంపుకి వడ్లు దంచుతున్నారు. వాళ్లలో ఆమెని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. తల పూర్తిగా నెరిసిపోయింది. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుని ఉంది. ఏమైందని అడిగితే "పడ్డ" అంది. ఎట్లా పడిందో చెప్పలేదు.

కాపలావాడు చూస్తున్నాడని రోకలి ఆపకుండానే మాట్లాడింది. హమాలీలు బాగున్నారా అంది. బాగున్నారన్నాను. మిగతా నలుగురి గురించి అడిగితే ఏదో చెప్పాను. నన్ను క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆ దొడ్లో ఆ రోకలి ముందు ఆ మాటలన్నీ నాటకంలా అనిపించాయి. అయినా మొదలుపెట్టబోయాను.

ఆమె మధ్యలోనే అడిగింది. "పొయ్యెనక గదిలకు ఎవరొచ్చిండ్రు టీచరమ్మా? గొళ్లెం జెర బిగుసుకుంటది, మెల్లగ తియ్యాలె. చెప్పిండ్రా ఆమెకు?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. ఎవరో పిల్లలతల్లి వచ్చిందని, సుఖంగా ఉందని చెప్పి ఉంటే ఆమెకి అదైనా మిగిలేది. జీవితంలో అబద్ధం చెప్పాల్సిన ఒకే ఒక్క చోట నా నోటికి నిజం వచ్చింది.

"ఎవరూ రాలేదు వంటక్కా. ఖాళీగానే ఉంది."

రోకలి ఆగింది. కాపలావాడు అరిచాడు. ఆమె మళ్లీ ఎత్తింది.